పక్షవాత భుజబాధకు పొడి సూది చికిత్స: ఆధారాల విమర్శనాత్మక పరిశీలన

పక్షవాతం సోకిన కొన్ని వారాలకో నెలలకో, పడిపోయిన చేతి భుజంలో నొప్పి మొదలవడం వైద్యులకు సుపరిచితం. చొక్కా తొడగబోయినా, నిద్రలో పక్కకు ఒత్తిగిలినా బాధే. దీనికి సూచిస్తున్న చికిత్సల్లో డ్రై నీడ్లింగ్ ఒకటి. బిగుసుకున్న కండరంలోని నొప్పి బిందువులోకి సన్నని సూదిని దించి తీస్తారు; మందేదీ ఎక్కించరు. సూది అంటే మందే అనుకునే తెలుగు రోగికి ముందుగా విప్పి చెప్పవలసిన సంగతి ఇది.

ఈ పద్ధతి పుట్టింది పక్షవాత వైద్యంలో కాదు. మందు లేకుండా సూది మాత్రమే నొప్పిని తగ్గించగలదని చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 1979లో ప్రతిపాదించారు. 1983లో వెలువడిన జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్‌ల గ్రంథం ట్రిగర్ పాయింట్ల భావనకు ప్రచారం కల్పించింది. అక్కడి చర్చ ప్రధానంగా కండరాల నొప్పిని గురించినది. పక్షవాతంలో కండరం బిగుసుకోవడానికి మూలం మెదడుకు తగిలిన దెబ్బ. ఈ భేదాన్ని దాటవేసి పాత వివరణనే కొత్త రోగికి అన్వయించడం సమంజసం కాదు.

2004లో డి లోరెంజో బృందం 101 మంది రోగులపై జరిపిన పరిశోధనలో సూది పొందినవారికి నొప్పి తగ్గింది, నిద్ర మెరుగైంది. అయితే ఎవరికి సూది గుచ్చుతున్నారో రోగికీ వైద్యుడికీ తెలుసు. నొప్పి వంటి స్వానుభవాన్ని కొలిచేటప్పుడు ఇది చిన్న లోపం కాదు. 2016లో మెండిగుతియా-గోమెజ్ బృందం 20 మందిపై చేసిన అధ్యయనం మరింత ఆసక్తికరం. నొక్కితే కలిగే నొప్పి తగ్గింది, భుజం కదలిక పెరిగింది. కండరాల బిగువులో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. బిగువు సడలడం వల్లనే నొప్పి తగ్గుతుందన్న వాదానికి ఈ ఫలితం అనుకూలించదు. చికిత్సను సమర్థించేవారు మొదట సమాధానం చెప్పవలసింది దీనికే.

పైగా భుజబాధ అంతా ఒకటి కాదు. కీలు జారడం, కీలుపొర బిగుసుకుపోవడం, స్నాయువు చిరగడం, మెదడులోనే పుట్టే నొప్పి – వీటన్నిటికీ కండరంలో గుచ్చిన సూది జవాబు కాజాలదు. రక్తం పలచబరిచే మందులు వాడే రోగిలో రక్తస్రావం, మెడ-భుజాల నడుమ లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి గాయం, ఈ రెండు ప్రమాదాలూ ఉన్నాయి.

మరొక చిక్కు కొలమానానిది. మెదడు ఎడమ భాగం దెబ్బతిన్నవారిలో కుడిచేయితోపాటు మాట కూడా పోవచ్చు. సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమంటే వారు చెప్పలేరు. వారి నొప్పి తెలిసేది చేయి ఎత్తబోయినప్పుడు ముఖంలో కనిపించే ముడతలోనే.