నీలదర్పణము: కన్నీరును కొఠీ లెక్కయును

దీనబంధు మిత్రుడు 1860లో ఢాకానగరమున తన పేరు వేయకయే నీలదర్పణ నాటకమును ప్రకటించెను. ఆయన తపాలాశాఖలో ఉద్యోగి. ఆ కొలువులో నదియా మొదలగు మండలములు తిరిగి, నీలిమందు పండించు రైతుల యిక్కట్లను కన్నులార జూచినవాడు. సర్కారు జీతగాడు పేరు దాచుకొనుటకు వేఱు కారణము వెదుకనక్కఱలేదు. ఈ నాటకమును మెచ్చినవారు తఱచుగా జెప్పునది యొక్కటే: చదివినచో కన్నీరు రాక మానదని. మాకును వచ్చినది. అయితే ఆ కన్నీ రెవరికొఱకు వచ్చినదో, ఎవరికొఱకు రాలేదో విచారింపదగియున్నది.

కథ క్లుప్తముగా నిది. స్వరపుర గ్రామమున గోలోకచంద్ర బసు అను సంపన్నగృహస్థుడు కలడు. వెనుకటియేటి నీలిపైరుకు రావలసిన సొమ్ము చెల్లింపకయే కొఠీదొర మరల విత్తుమనును. కుమారుడు నవీనమాధవుడు కాదనును. అంతట తప్పుడు వ్యాజ్యము, చెఱసాల, అందులో గోలోకుని యురి, నవీనుని తలపై దెబ్బ, వాని మరణము, తల్లికి పిచ్చి. ఆ పిచ్చిలో నామె చిన్నకోడలిని జంపి, తెలివి వచ్చి తానును జచ్చును. పొరుగున నున్న సాధుచరణు డను రైతు కూతురు క్షేత్రమణి గర్భవతి. ఆమె రోగుదొర చేతిలో దెబ్బ తిని మరణించును. కడపటి యంకమున శవముల లెక్క తప్పక చదువుట కష్టము. ఒక్క చావు చాలినచోట అయిదు చావులు పెట్టిన కవి, చదువరి హృదయముపై నమ్మకము లేనివాడని మా యభిప్రాయము.

అంతకంటె పెద్ద లోపము వేఱొకటి కలదు. నాటకమున పాపమంతయు ఉడ్డు, రోగు అను నిద్దఱు దొరల నెత్తిన బెట్టబడినది. వీరు కొరడా పుచ్చుకొందురు, బూతులాడుదురు, స్త్రీలను చెఱపట్టుదురు. అట్టివారు లేరని మే మనము. కాని వంగదేశమున రైతు నెత్తురు పీల్చినది దుర్మార్గుల కోపము మాత్రమే కాదు. అంతకంటె నెమ్మదియైన యంత్ర మొకటి యుండెను. అది కొఠీ ఆవర్జా.

బెంగాల్ ఇండిగో కంపెనీ అని యొక పెద్ద కంపెనీ యుండెను. నదియా మండలమున ముల్నాథు దాని ముఖ్యస్థానము, లార్మూరుదొర దాని మేనేజరు. 1860లో సీటన్‌కార్ అధ్యక్షుడుగా నీలిమందు విచారణసంఘ మేర్పడినప్పుడు కంపెనీలెక్క బయటపడినది. 1858-59లో దాని క్రింద నీలి పండించిన రైతులు 33,200 మంది. వారిలో ముందుగా పుచ్చుకొన్న బయానా గాక పైసొమ్ము ముట్టినవారు 2,448 మంది. నూటికి ఎనమండుగురైనను లేరు! తక్కిన ముప్పదివేలమంది యేడాది పొడవున దున్ని, విత్తి, కలుపు దీసి, కోసి, కొఠీకి జేర్చి, తుదకు కొఠీవారికే బాకీపడిరి.

ఇది యెట్లు జరిగెడిది? బిఘాకు రెండు రూపాయలు దాదనమని ముందుగా నిత్తురు. స్టాంపు కాగితపు వెల, విత్తనపు వెల, బండికూలి రైతు పద్దుననే వ్రాయుదురు. వ్రాతలేని కాగితముపై నిశాని వేయించుకొనుటయు గలదు. వరి పండు మంచి చెలకనే యేరి అమీను గుర్తు పెట్టును. పైరు కోసిన పిమ్మట గొలుసు చుట్టి కట్టలు కొలుతురు. కొలుచువాడు కొఠీ మనిషి, వ్రాయువాడును కొఠీ మనిషియే. సంవత్సరాంతమున బాకీ తేలును. ఆ బాకీ తండ్రి చనిపోయిన కొడుకునకు దిగును. ఇందులో కొరడా యెక్కడను లేదు. ఉడ్డుదొర పరమసాధువైనను ఈ కూడిక తీసివేతలు మాఱవు. పైగా 1860 మార్చిలో ఆఱునెలలకై చేసిన చట్టము, కరారు తప్పిన రైతును నేరస్థునిగా శిక్షింప నధికార మిచ్చెను. విచారణసంఘము నేర్పఱచినదియు నా చట్టమే! ఒకచేత సంకెల, ఒకచేత పరామర్శ.

దీనబంధునకు ఈ లెక్క తెలియదనుటకు వీలులేదు. మొదటి రంగముననే బాకీమాట వచ్చును. కాని దానిని చేతబట్టి కడవఱకు నడువక, కథను బసువారి యింటిలోనికి మరల్చెను. గౌరవకుటుంబపు నాశనము చూచి చదువుకొన్నవారు కరగుదురని యాతని తలంపు కాబోలు. పీఠికలో విక్టోరియారాణి దయను, గ్రాంటు మొదలగు నధికారుల న్యాయబుద్ధిని నమ్ముకొనుటయు నిట్టిదే. ఆ రైతులు మాత్రము దయకై వేచియుండలేదు. 1859 మొదలుకొని ఊళ్లకూళ్లు నీలి విత్తమని బిగిసికూర్చుండెను. 1860 ఆగస్టులో గ్రాంటుదొర కుమార, కాలీగంగా నదులపై నోడలో పోవుచుండగా, అఱువది డెబ్బది మైళ్ల పొడవున రెండుగట్లను జనులు నిలిచి న్యాయమడిగిరి. ఆ గట్టుమీది జనము నాటకమున లేరు. అందలి రైతులు నవీనమాధవుని రాకకై యెదురుచూచువారు.

ఒక్కడు మాత్రము చూడడు. వాడు తోరాపు. కొఠీగోదాములో కొందఱు రైతులు బంధింపబడియున్న రంగమును మేము పలుమాఱులు చదివితిమి. నవీనునిపై తప్పుడు సాక్ష్యము చెప్పజాలనని ఆ ముసల్మాను రైతు తోటివారితో ననును. క్షేత్రమణిని విడిపించుటలో నవీనునికి దోడగును. తుదకు ఉడ్డుదొర ముక్కును కొఱికివేయును. వీని మాటలలో అలంకారము లేదు, భయము లేదు, పల్లెభాష యున్నది. నవీనమాధవుడు దుఃఖించినప్పుడు పుస్తకము వినబడును; తోరాపు తిట్టినప్పుడు మనుష్యుడు వినబడును. నాటకమునకు ప్రాణము వీడే.

1861లో లాంగు పాదిరి ఆంగ్లానువాదమును ప్రకటించి న్యాయస్థానమున నిలువవలసివచ్చెను. ఇద్దఱు పత్రికాధిపతులు వేయి రూపాయల కాశపడి కొఠీవారిని పొగడుచున్నారని పీఠికలో నున్న నిందయు ఆ నేరములో నొకటి. నెల చెఱ, వేయి రూపాయల జుల్మానా విధింపబడెను; జుల్మానా కాలీప్రసన్న సింహుడు చెల్లించెను. ముప్పదివేల రైతుల బాకీ కోర్టునకు రాలేదు గాని పత్రికాధిపతుల మర్యాద వచ్చినది.

ఆ యనువాదము మంచిపని చేసినను నాటకము నొకవిధముగా చెఱచినది. అందు తోరాపును, నవీనుడును ఒకే యింగ్లీషు మాటలాడుదురు. నీలిమందు మనకును క్రొత్తది కాదు. కడప సరుకు కుర్పా యను పేరున విదేశముల కేగెడిది. మన మండలములలో తొట్లు చాలవఱకు దేశీయుల చేతనే యుండుటచే వంగదేశపు కొఠీ మనకు తెలియదు గాని, బయానా బాకీగా మాఱుట యే రైతునకు తెలియదు? కన్యాశుల్కము 1892లోనే పాత్రకు దగిన నోటిమాటను రంగమున నిలిపినది. కావున నీలదర్పణమును తెనుగు చేయబూనువారు బసువారి విలాపములను మావలె గ్రంథభాషలో వ్రాసినను వ్రాయుదురు గాక. గోదాము రంగమును మాత్రము కడప పొలములలో నడచినవారి చేత వ్రాయింపవలెను.