పట్టుటయు నెఱుగుటయు

వేసవి సెలవులకు ముం దొకనాడు మా పాఠశాల ఆవరణములోని వేపచెట్టుపై నొక పక్షి, రాగిరేకుపై సుత్తితో కొట్టినట్లు, టుక్కు టుక్కుమని విడువక కూయుచుండెను. తొమ్మిదవ తరగతి బాలు రిద్దఱు ఆ చెట్టుక్రిందనే కూర్చుండి వీడియోగేములలోని వింతజంతువులను గూర్చి వాదులాడుకొనుచుండిరి. పదులకొలది పేరులు వారి నోట తడబాటు లేక వెలువడుచుండెను. తలపైన కూయుచున్న ఆ పక్షి పేరేమని నేనడిగితిని. వా రెఱుగరు. మందలింపబోయి నాలుక కఱచుకొంటిని; ఏలయన, ఆ పేరు నేనును ఎఱుగను.

నేను చిన్ననాట మా తాతగారియొద్ద అమరకోశము వల్లించినవాడను. సింహాదివర్గములోని మృగపక్షినామము లన్నియు నేటికిని నా నోటనున్నవి. ఏ నామము ఏ పిట్టదో చూపుమన్నచో మాత్రము దిక్కులు చూడవలసినదే. పిదప ఆంగ్లకవుల కోకిలలను, భరతపక్షులను పరీక్షలకొఱకు చదివితిని. అవియు కాగితముమీదనే యెగిరినవి. నామసంగ్రహము వేఱు, ప్రాణిపరిచయము వేఱు. ఈ భేదము నాకు నలువదియైదవ యేట తెలిసినది. తెలిపినది యొక వీడియోగేము. ఈ మాటకు నవ్వువారు నవ్వుదురుగాక. నవ్విన పిమ్మట కొంచె మాలకింపుడని పాఠకులను వేడుకొనుచున్నాను.

ఆ యాట పేరు ‘పోకెమాన్ లెజెండ్స్: ఆర్సియస్’. జపానులోని గేమ్ ఫ్రీక్ అను సంస్థ దానిని నిర్మింపగా, 2022వ సంవత్సరము జనవరి 28వ తేదీన నింటెండో స్విచ్ అను యంత్రముకొఱకు వెలువడినది. అమెరికానుండి వచ్చిన మా తమ్ముడు ఆ యంత్రమును మా పిల్లవాని కిచ్చి పోయెను. దానిని బీరువాలో పెట్టి తాళము వేయదలచితిని. శిక్షకు ముందు విచారణ జరుపుట న్యాయము గనుక నొకరాత్రి దానియెదుట కూర్చుంటిని. మరల లేచునప్పటికి కోడి కూసినది.

ఈ జాతి యాటలకు మూలపురుషుడు సతోషి తజిరి. 1965లో జన్మించి, టోక్యో నగరము చెంతనున్న మచిదలో బాల్యము గడపినవాడు. పొలములవెంట, నీటిగుంటలవెంట తిరిగి పురుగులను పట్టి పరిశీలించుట ఆయనకు బాల్యమున పరమానందము. ఊరు పెరిగినది, గుంటలు పూడినవి, పొలములపై ఇండ్లు లేచినవి. ఆ పొలము లెఱుగని బాలురకు తన యానందమును పంచి యీయవలెనను కోరికయే, 1996లో జపానులో వెలువడిన మొదటి పోకెమాన్ ఆటలకు బీజము. వానియందు 151 ప్రాణులుండెను. కాని యాతొలి యాటలలో గడ్డియందు నడచుచుండగా ప్రాణి హఠాత్తుగా నెదురగును, తెఱ మాఱును, పోరు మొదలగును. దానిని దూరమునుండి చూచుటకు, పొంచియుండుటకు తావు లేదు. పురుగులు పట్టు బాలుని ఉత్సాహము ఆటలోనికి వచ్చినది గాని, వాని ఓపిక రాలేదు. ఆ ఓపికకు 2022 నాటి యీ ఆటలో మంచి చోటు దొరకినదని నా యభిప్రాయము.

కథ జరుగుచోటు హిసుయి అను ప్రాచీనభూమి. నాయకుడు ఆకాశపు చీలికనుండి జారిపడిన పరదేశి. జూబిలైఫ్ అను పల్లెలోని గెలాక్సీ బృందమువారు అతనిని చేర్చుకొందురు. పల్లెవారిలో పెక్కుమందికి అడవిప్రాణులనిన వెఱపు. లావెంటన్ అను ఆచార్యు డొకడు ఆ భూమిలోని ప్రాణులకెల్ల తొలి కోశమును కూర్చుచుండును. దానికి కావలసిన విషయములను సేకరించుటయే నాయకుని పని. మొదటి పరీక్షగా మూడు ప్రాణులను పట్టి తెమ్మందురు. బిడూఫ్ అనునది సాధువు; దగ్గఱకు పోయినను బెదరదు. స్టార్లీ యను పిట్ట అలికిడికే యెగిరిపోవును. షింక్స్ అనునది మీదికి దుముకును. చేతిలోని బంతి యొక్కటే. మూడు స్వభావములకు మూడు నడకలు కావలెను. నలువదిమంది పిల్లలకు ఒక్కటే బెత్తముతో పాఠము చెప్పిన మా తరము ఉపాధ్యాయులకు ఈ చిన్నపరీక్ష పెట్టదగినది.

ఇక ఆటలోని యానంద మెట్టిదన: నిలువెత్తు గడ్డిలో వంగి నడచుట, ప్రాణి చూపు తప్పించుకొని వెనుకకు చేరుట, ఊపిరి బిగపట్టి బంతి విసరుట. కొన్ని ప్రాణులు రాత్రియందే కనబడును. కొన్నిటికి వాన రావలెను, మంచు కురియవలెను. మొదటి మైదానములోనే రాపిడాష్ అను అశ్వ మొకటి కలదు. దాని జూలు మంట, కన్నులు నిప్పుకణికలు. తెలియక చేరువకు పోయి తఱుమబడితిని. వెనుకటి యాటలలో ప్రాణులు ప్రాణులతోనే పోరును. ఇందు మనుష్యుడును దెబ్బతినును, మూర్ఛపోవును, సంచిలోని వస్తువులు కొన్ని పోగొట్టుకొనును. మన యాలంకారికులు భయానకమును అద్భుతమును వేఱువేఱు రసములుగా చెప్పిరి. ఇచ్చట మొదటిది రెండవదానికి త్రోవ చూపుచున్నది. ప్రమాదము లేని యడవి తోటవంటిది. తోటలో షికారు చేయువానికి అడవిని చూచిన విస్మయ మెక్కడిది?

కథలో నొక ఘట్టము మనసున నాటుకొన్నది. ఆకాశము ఎఱ్ఱబడినంతనే పల్లెకు పెద్దయైన కమాడో, అన్నాళ్లు సేవచేసిన నాయకునే శంకించి వెళ్లగొట్టును. ఆయన దుష్టుడు కాడు. తన స్వదేశము ప్రాణులపాలై నాశనమగుట కన్నులార చూచినవాడు. భయము తీరనివానికి పరదేశి యెన్నటికిని పరదేశియే. మన యూళ్లలోను ఇట్టి పెద్దలు లేకపోలేదు.

కోశముయొక్క ఏర్పాటు మెచ్చదగినది. ప్రాణిని పట్టినంతమాత్రమున దాని పుట పూర్తికాదు. అది యే శక్తులను ప్రయోగించునో చూడవలెను, కంటబడక సమీపింపవలెను, కొన్నిటికి ఆహారము పెట్టవలెను. ఇట్లు పరిశోధన పదవ మెట్టు చేరిననే ఆచార్యుడు తృప్తిపడును. ‘పట్టితిని గాన ఎఱుగుదును’ అను గర్వమునకు ఇది మంచి మందు.

అయినను ఈ మందులోనే వ్యాధియు కొంత కలసియున్నది. పరిశీలన యని మొదలుపెట్టినది తఱచు లెక్కలోనికి దిగిపోవును: ఇన్ని పట్టుము, ఇన్నిటి నోడింపుము. మావాడొక సాయంకాలము ఇరువదికి పైగా బిడూఫులను పట్టెను. ఇన్ని యెందుకురా యనగా, ‘లెక్క కావాలి, నాన్నా’ అనెను. వానిలో నొక్కదానినైన వాడు నిలిచి చూడలేదు. ఇంతకన్న పెద్దదోషము తుదియందున్నది. సృష్టికి మూలమని చెప్పబడు ఆర్సియస్ ఎదుట నిలువవలెనన్న, కోశములోని తక్కిన ప్రాణులను దాదాపుగా అన్నిటిని పట్టియుండవలెను. మన పెద్దలు జ్ఞానమునకు అపరిగ్రహమును సాధనముగా చెప్పిరి. ఇచ్చట పరిగ్రహమే సాధనము. చూచి విడిచినవానికి దర్శనము లేదు.

రెండవ యాక్షేపము చరిత్రకు సంబంధించినది. హిసుయికి మాతృక జపాను ఉత్తరభాగముననున్న హొక్కైడో దీవి. ఎజో యని పిలువబడుచుండిన ఆ దీవికి 1869లో మెయిజీ ప్రభుత్వము ఈ క్రొత్తపేరు పెట్టి, వలసలు నడపుటకై ప్రత్యేక కార్యాలయము నెలకొల్పెను. అచ్చటి ఐనూ జనులు భూములను కోల్పోయిరి. వారి భాష క్షీణించెను. వారిని ఆదివాసులని చెప్పు శాసనము జపానులో 2019లో గాని రాలేదు. ఆటలోనో, క్రొత్తగా వచ్చినవారు పల్లె కట్టి కోశము వ్రాయుదురు. వజ్రవంశము, ముత్యవంశము అను పాత తెగలు తుదకు వారితో చేయి కలుపును. ఎవరి భూమియు పోదు. పిల్లల యాటలో నెత్తురు చూపుమని నే ననను. కాని యా తెగలవారు కొన్ని మహాప్రాణులను తరతరములుగా సేవించుచున్నవారు. వారి యెఱుక నోటనున్నది, ఆచార్యుని యెఱుక కాగితముననున్నది. ‘తొలికోశ’ మను పేరు మాత్రము కాగితమునకే దక్కినది. చిత్రణమునందును కొఱతలున్నవి: కొండలు బోడిగా నున్నవి, దూరపు ప్రాణులు తడబడుచు కదలును. ఇవి చిన్నవి గాన మన్నింపవచ్చును.

ఈ దోషములనుబట్టి ఆటను నిషేధింపవలెనా? నే నట్లు తలపను. 1908లో బొంబాయిలో బాలుడైన సలీమ్ అలీ బొమ్మతుపాకివంటి గాలితుపాకితో నొక పిచ్చుకను కొట్టెను. దాని కంఠమున పసుపుమచ్చ చూచి, అదేమో తెలిసికొనగోరి ఆ నగరములోని ప్రకృతిచరిత్ర సంఘమునకు కొనిపోయెను. అచ్చటివారు వానిని గద్దించి పంపలేదు. బీరువాలు తెఱచి పక్షులను చూపిరి. తుపాకి పట్టిన చేయి పిదప జీవితమంతయు పక్షులనుగూర్చి వ్రాసినది. పట్టవలెనను చాపల్యము బాలునకు సహజము. దానిని ఎఱుకవైపు త్రిప్పు పెద్దవా డొకడు కావలెను. ఆట సగము దారి తీసికొనిపోవును. తక్కిన సగము మన పని.

కావున జూను నెలలో పాఠశాల తెఱచినపుడు ఆ బాలు రిద్దఱికి చెరొక నోటుపుస్తకము నిచ్చితిని. నియమములు రెండు: దేనిని పట్టరాదు, పేరు చివర వ్రాయవలెను. పది దినములలో వారు వ్రాసినది: పిట్ట ఆకుపచ్చనిది గాన ఆకులలో కనబడదు, నొసలు ఎఱ్ఱన, కూయునపుడు తల నటునిటు త్రిప్పును, అందుచేతనే కూత ఒకమాఱు ఒకవైపునుండి, మఱియొకమాఱు మఱియొకవైపునుండి వచ్చినట్లు తోచును. పేరు చోటు ఖాళీగా నుండెను. నేనును నిఘంటువులు వెదకుచుంటిని.

మా పాఠశాలలో మధ్యాహ్నభోజనము వండు అవ్వ, పిల్లలు మెడలెత్తి చూచుట చూచి, ‘అది కంసాలిపిట్ట గదా, సారూ’ అనెను. ఇరువదియేండ్లుగా నేను ఆమె వండిన చెట్టునీడలోనే పాఠములు చెప్పుచున్నాను. ఆమె నెన్నడును ఏమియు నడిగినవాడను కాను. బాలురు పేరు వ్రాసి, దాని ప్రక్కనే ‘చెప్పినది అవ్వ’ యని చేర్చిరి. ఆ మాట చేర్పుమని నేను చెప్పలేదు.