చేయి తిరిగిన పనితనం

హైదరాబాద్ మాదాపూర్‌లో సైబర్ టవర్స్ దగ్గర, నైట్ షిఫ్ట్ వదిలే వేళ దోశల బండి ముందు నిలబడండి. పెనం మీద చిలకరించిన నీళ్లు చుయ్‌మనగానే గరిటెడు పిండి పడుతుంది. మణికట్టు నాలుగు చుట్లు తిరిగేసరికి అంచులు పల్చగా విచ్చుకుంటాయి. చేయి తిరిగిన పనంటే ఇదీ!

ఆ చేతి లోపల ఇంకో పనితనం ఉంది. కండర కణంలోని గిడ్డంగిలో కాల్సిక్వెస్ట్రిన్ అనే ప్రోటీన్ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. నరం కబురు పంపగానే కాల్షియం బయటికి వస్తుంది. ట్రోపోనిన్-సి దాన్ని అందుకుని, అడ్డుగా ఉన్న ట్రోపోమయోసిన్‌ను పక్కకు జరిపిస్తుంది. అప్పుడు మయోసిన్, యాక్టిన్ పోగును పట్టి లాగుతుంది. పని కాగానే పంపులు కాల్షియాన్ని మళ్లీ గిడ్డంగిలోకి తోడేస్తాయి.

విశ్రాంతిగా ఉన్న కణద్రవంలో కాల్షియం, కణం బయట ఉన్నదానిలో సుమారు 10,000వ వంతే. అంత పొదుపు కాబట్టే రవ్వంత పెరిగినా అది కబురవుతుంది. 148 అమైనో ఆమ్లాల కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్ 4 కాల్షియం అయాన్లను పట్టుకుని, ఆ కబురును ఎన్నో ఎంజైములకు చేరవేస్తుంది.

ఇలాంటి ప్రోటీన్ల మీద ఇదే నగరంలో, హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఏళ్ల తరబడి పరిశోధన సాగింది. అది తెలిశాక, వేడి దోశ అందించే ఆ చేతిని చూస్తే మనసులోనే దండం పెట్టుకుంటాను.