ఒంటికి కొలిచి కట్టిన పడవ

చేతిలో బరువైన రాయి. తెడ్డు లేదు. మనిషి కయాక్‌తో సహా మంచునీళ్లలోకి తలకిందులవుతాడు. పైకి పడవ అడుగు ఒక్కటే కనిపిస్తుంది. కాసేపటికి అవతలి పక్కనుంచి నీళ్లు కారుతున్న ముఖంతో లేచి కూర్చుంటాడు. రాయి చేతిలోనే ఉంటుంది. గ్రీన్‌లాండ్‌లో ఏటా వేసవిలో జరిగే జాతీయ కయాక్ పోటీల్లో ఇదొక అంశం. ఇలా పల్టీ కొట్టి లేవడాన్ని రోల్ అంటారు. ఆ పోటీల్లో చేసి చూపించాల్సిన రోల్స్ 30కి పైగా ఉన్నాయి. తెడ్డుతో, అరతెడ్డు పొడవు కూడా లేని విసురుకర్రతో, వట్టి చేత్తో, పిడికిలి బిగించి, ఆఖరికి రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని కూడా లేస్తారు. ఈ చివరిదాంట్లో మనిషిని పైకి తెచ్చేది నడుము ఒక్కటే.

1998లో సిసిమియుత్‌కు చెందిన మాలిగియాక్ పడిల్లా పదహారేళ్లకే ఆ పోటీల్లో జాతీయ విజేత అయ్యాడు. తాత దగ్గర నేర్చుకున్న విద్య అది. ఆ తర్వాత ఎన్నోసార్లు గెలిచాడు, అమెరికా వెళ్లి అక్కడివాళ్లకు నేర్పాడు. అతని రోల్ చూడండి. ఎక్కడా బలం వాడుతున్నట్టు ఉండదు. నీళ్లలోకి దిగడంలో తొందర లేదు, లేవడంలో ఆయాసం లేదు. ఆటల్లో ఎందరి నైపుణ్యమో చూసి చప్పట్లు కొట్టాను కానీ, ఇంత నిబ్బరం మరెక్కడా చూడలేదు.

ఉత్తరాన వేసవి సాహసం అంటే మంచుకొండ ముందు నిలబడి ఫొటో దిగడమే అనుకునేవాళ్లు చాలామంది. గ్రీన్‌లాండ్‌లోని ఇలులిస్సాత్ దగ్గర మే ఆఖరు నుంచి జూలై ఆఖరు దాకా సూర్యుడు అస్తమించడు. అంత వెలుగులో మంచుకొండలు అందంగానే ఉంటాయి, కాదనను. కానీ ఆ నీళ్లమీద మనిషి సాధించినదాన్ని చూడకుండా తిరిగొస్తే ఆ ప్రయాణం సగమే.

కయాక్‌ను సంతలో కొనుక్కునేవాళ్లు కాదు. ఎవరి ఒంటికి వాళ్లే కొలుచుకుని కట్టుకునేవాళ్లు. పొడవు సుమారు మూడు బారలు. వెడల్పు తుంటి కొలత, దానికి అటూ ఇటూ పిడికిలంత. తెడ్డు ఒక బార మీద ఒక మూర. తెడ్డు రెక్క బెత్తెడు, అంటే చేత్తో పట్టుకుంటే గుప్పిట్లో ఇమిడేంత. ఈ కొలతలు ఊరూరికీ కాస్త మారతాయి గానీ పద్ధతి ఒక్కటే. పొడుగువాడి పడవ పొట్టివాడికి పనికిరాదు. లావెక్కిన మనిషి పాత పడవలో దూరలేడు.

గ్రీన్‌లాండ్‌లో కలపనిచ్చే అడవులు లేవు. సైబీరియా నదులు సముద్రంలోకి తోసిన దుంగలు మంచుతో పాటు కొట్టుకొచ్చి తీరానికి చేరితే, వాటినే ఏరుకునేవాళ్లు. రెండు పొడవాటి అంచు చెక్కలు, వాటి మధ్య అడ్డకర్రలు, ఆవిరికి వంచిన బద్దలు. ఇనుప మేకులతో పనిలేదు. చెక్క చీలలు కొట్టి, తోలుతాడుతోనో నరంతోనో కట్టేవాళ్లు. కట్టు కనుక అల కొట్టినప్పుడు చట్రం కాస్త సాగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. ఆ అడ్డకర్రల్లో తొడల మీదుగా కమానులా వంగి ఉండేదే మసిక్. నా దృష్టిలో మొత్తం పడవకు గుండె అది. తొడలు దాని కిందికి బిగుసుకుంటాయి. అక్కణ్నుంచి నడుము ఎటు తిరిగితే పడవ అటు తిరుగుతుంది.

చట్రం మగవాళ్ల పని. దానిమీద తోలు కుట్టడం ఆడవాళ్ల పని. నాలుగైదు సీల్ చర్మాలను తడిగా ఉండగానే చట్రం మీద బిగలాగి నరంతో కుట్టేవాళ్లు. సూది తోలు మందంలోనే నడవాలి, అవతలి పక్కకు దిగకూడదు. దిగితే ఆ చిల్లులోంచి నీరు ఎక్కుతుంది. అటువంటి కుట్టు ఒకటి కాదు, రెండు వరుసలు. మగవాడి ప్రాణం ఆ కుట్టు మీదే నిలబడేది. అయినా కయాక్ మీద వచ్చిన రాతల్లో కట్టినవాడి పేరు, వేటాడినవాడి పేరు దొరుకుతాయి కానీ, కుట్టిన ఆమె పేరు దాదాపు ఎక్కడా ఉండదు. ఇది నాకు మింగుడుపడని విషయం. వేటగాడు తొడిగే తుయిలిక్ కూడా ఆమె కుట్టిందే. అది తోలు అంగీ. ముఖం చుట్టూ, మణికట్టు దగ్గర బిగించి, కింది అంచును కూర్చునే రంధ్రం చుట్టూ ఉన్న చట్రానికి తొడిగితే మనిషీ పడవా ఒకే ఒళ్లు. నీటిచుక్క లోపలికి పోదు.

మన కృష్ణ, తుంగభద్రల్లో తిరిగే పుట్టి కూడా ఒకప్పుడు తోలు కప్పిన పడవే. వెదురు బుట్టకు తోలు తొడిగి నది దాటినవాళ్ల మనవలం మనం. చెక్కా తోలూ కలిసి నీళ్లమీద ఎలా బతుకుతాయో మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

పుట్టుపూర్వోత్తరాల సంగతి పెద్దగా చెప్పను. వేల ఏళ్ల విద్య అంటారు. స్కాట్లాండ్‌లోని అబర్దీన్ విశ్వవిద్యాలయం సంగ్రహాలయంలో 1700 ప్రాంతం నాటి కయాక్ ఒకటి భద్రంగా ఉంది. అందులో సముద్రం దాటి వచ్చిన మనిషి ఒడ్డు చేరిన మూడు రోజులకే కన్నుమూశాడని అక్కడ చెప్పుకుంటారు.

ఇన్ని రోల్స్ ఎందుకు పుట్టాయో తెలిస్తేనే వాటి విలువ తెలుస్తుంది. వేటగాడు విసురుకర్రతో బల్లెం విసురుతాడు. మొన సీల్‌కు దిగి కర్ర నుంచి ఊడిపోతుంది. మొనకు కట్టిన తోలుతాడు ముందున్న పళ్లెంలోంచి సర్రున జారిపోతుంది. తాడు రెండో కొసన గాలి నింపిన తోలుతిత్తి, అంటే అవతాక్, వీపు వెనకాల ఉంటుంది. తాడు బిగుసుకునేలోపు దాన్ని నీళ్లలోకి తోసెయ్యాలి. ఆలస్యమైతే, తాడు చేతికో మెడకో చుట్టుకుంటే, సీల్ లాగిన లాగుడికి పడవ బోర్లపడుతుంది. తెడ్డు చేజారవచ్చు. ఒక చెయ్యి తాడులో ఇరుక్కోవచ్చు. తెడ్డు విరిగి ముక్కే మిగలవచ్చు. ప్రతి రోల్ ఇలాంటి ఒక ప్రమాదానికి జవాబు. చేతులు కట్టుకుని లేచేది, రాయి పట్టుకుని లేచేది గారడీ అనుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. ఆ నీళ్లలో ఈదుకుంటూ బయటపడే అవకాశం లేదు, చలి మనిషిని నిమిషాల్లో కొయ్యబారేలా చేస్తుంది. ఒకప్పుడు గ్రీన్‌లాండ్ మగవాళ్ల మరణాలకు కయాక్ ప్రమాదాలు పెద్ద కారణం. ఎండ కాస్తూ, సముద్రం అద్దంలా నిలిచిపోయిన రోజున కొందరు వేటగాళ్లకు కళ్లు తిరిగి, దిక్కు తెలియక, ఒళ్లు బిగుసుకుపోయేది. అలాంటి భయం పట్టి కయాక్ జోలికే పోకుండా మానేసినవాళ్లున్నారు.

ఇప్పుడు రోల్‌ను దగ్గరగా చూద్దాం. బోర్లపడగానే నిపుణుడు పైకి ఎగబాకడు. ముందుకు వంగి, ముఖాన్ని పడవ పైకప్పుకు చేర్చి, తెడ్డును పడవ పక్కనే నీటి పైమట్టానికి తెస్తాడు. అక్కణ్నుంచి తెడ్డు కొన నీటి మీద అర్ధచంద్రంలా పక్కకు జరుగుతుంది. దాని వెంటే ఒళ్లు వెనక్కి సాగుతుంది. సరిగ్గా అప్పుడు మసిక్ కింది తొడ పైకి ఒత్తుతుంది. ముందు పడవ నిటారవుతుంది, ఆ తర్వాత నడుము, ఆ తర్వాత భుజాలు. వెనక పైకప్పు బాగా పల్చగా, నీటికి దగ్గరగా ఉంటుంది కనుక వీపు దానిమీద వాలిపోతుంది. అన్నిటికన్నా చివర తల. నేర్చుకునేవాళ్లు తప్పేది ఇక్కడే. ఊపిరి కోసం తల ముందు ఎత్తుతారు, ఆ తల బరువే పడవను మళ్లీ కిందికి తోస్తుంది. ఊపిరి కావాలన్న తపనను అణచుకున్నవాడికే ఊపిరి దొరుకుతుంది. అందుకే ఈ విద్య పుస్తకంలో చదివితే రాదు, ఒళ్లు నేర్చుకోవాలి. పోటీల్లో తోలుతాళ్ల మీద చేసే విన్యాసాలు కూడా అందుకే పెట్టారు. రెండు స్తంభాల మధ్య బిగించి కట్టిన తాళ్లలో కాళ్లూ చేతులూ మెలేసి తిరగడం ఒడ్డుమీదే నడుమునూ భుజాన్నీ తయారుచేసే సాధన.

తెడ్డు విషయంలో నేను నిర్మొహమాటంగా గ్రీన్‌లాండ్ పక్షమే. వెడల్పాటి చెంచా రెక్కల యూరప్ తెడ్డు ఒక్క తోపుకు ఎక్కువ నీటిని పడుతుంది, నిజమే. కానీ గాలి వీస్తే పైనున్న రెక్క గాలికి చిక్కుతుంది. రోజంతా తోస్తే భుజం అరుగుతుంది. బెత్తెడు వెడల్పు చెక్క తెడ్డు గాలికి చిక్కదు, చప్పుడు చెయ్యదు. దాన్ని ఏ కొసనైనా, ఎక్కడైనా పట్టుకోవచ్చు. సీల్ చెవిన పడకుండా దగ్గరికి వెళ్లాల్సిన మనిషి చెక్కుకున్న తెడ్డు అది. దీన్ని మించింది నా కంటబడలేదు.

1888లో గ్రీన్‌లాండ్‌ను మంచు మీదుగా దాటిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్ తిరుగు ఓడ తప్పిపోయి, ఆ చలికాలం ఇప్పటి రాజధాని నూక్‌లోనే గడిపి కయాక్ నేర్చుకున్నాడు. అక్కడివాళ్ల జీవితం మీద పుస్తకమూ రాశాడు. 1927లో ఆస్ట్రియావాడు హాన్స్ పవ్లాతా ఇలాంటి రాతలు చదివి, అక్కడి సరస్సులో రోల్ సాధించాడు. చదివి సాధించడం గొప్పే, అతని పట్టుదలకు నమస్కారం. కానీ ఆ రోల్‌కు యూరప్‌లో అతని పేరే పెట్టారు! తరతరాలుగా ప్రాణాలొడ్డి దాన్ని కనిపెట్టినవాళ్లు పేరు లేనివాళ్లయ్యారు. ఇంగ్లండ్ యువకుడు జినో వాట్కిన్స్ అలా కాదు. 1930-31లో తూర్పు గ్రీన్‌లాండ్‌కు బృందాన్ని తీసుకెళ్లి, అక్కడి వేటగాళ్ల దగ్గరే రోల్ నేర్చుకున్నాడు. రెండోసారి వెళ్లినప్పుడు, 1932 ఆగస్టు 20న సీల్ వేటకు ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. కయాక్ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటికి 25 ఏళ్లు. గురువుల మధ్య నేర్చిన విద్యార్థినే ఆ సముద్రం అలా తీసుకుపోయింది. ఇక ఏ అభ్యాసమూ లేకుండా వేసవి సెలవుల్లో దిగేవాళ్ల సంగతి ఏమనాలి?

ఇరవయ్యో శతాబ్దంలో పశ్చిమ తీరపు నీళ్లు కాస్త వెచ్చబడి కాడ్ చేపలు వచ్చాయి, వాటిని పట్టడానికి మోటారు పడవలు వచ్చాయి. కయాక్‌తో పని తగ్గింది. 1983లో సీల్ పిల్లల చర్మాల మీద, 2009లో సీల్ ఉత్పత్తులన్నిటి మీద యూరప్ నిషేధం పెట్టింది. గ్రీన్‌లాండ్ మూలవాసులైన ఇన్యూట్లకు మినహాయింపు ఇచ్చామన్నారు. కానీ దుకాణాల్లో కొనేవాళ్లే లేకపోయాక ఆ మినహాయింపు కాగితం దేనికి? ఒక జాతి చేతిపనిని, తిండిని, బట్టను ఎక్కడో దూరాన కూర్చుని నేరం చేసేశారు. ఇందులో నేను పూర్తిగా వేటగాళ్ల పక్షం.

కయాక్ విద్యను నిలబెట్టిందీ గ్రీన్‌లాండ్‌వాళ్లే. 1980లలో నూక్ యువకులు క్లబ్ పెట్టారు. అది దేశమంతా పాకి కాన్నత్ కట్టుఫ్ఫియత్ అనే సంఘమైంది. మనాస్సే మాథెయుసెన్ వంటి పాత వేటగాళ్లు వయసు మీదపడ్డాక కూడా నీళ్లలో దిగి కుర్రవాళ్లకు చూపించారు. ఆ పెద్దల ఒంట్లో దాగిన విద్య వాళ్లతో మట్టిలో కలవకుండా ఆగింది. ఉత్తరాన కానాక్ ప్రాంతంలో అది పోటీ కూడా కాదు, ఇప్పటికీ బతుకుతెరువు. అక్కడ ఇంగిల్‌ఫీల్డ్ ఫియర్డ్ అనే సముద్రపాయలో నార్వాల్ తిమింగిలాల వేటకు మోటారు పడవ వాడకూడదు. కయాక్‌లో చప్పుడు లేకుండా వెళ్లి ముందు బల్లెం దించాకే తుపాకీ. వేసవిలో అక్కడి వేటగాడు గంటలకొద్దీ అలా వేచి ఉంటాడు. దానికి మించిన సాహసం ఏ పర్యాటక పత్రికలోనూ దొరకదు.

నాకు మంటగా ఉండేది చవక నకళ్ల మీద. అచ్చులో పోసిన ప్లాస్టిక్ డొప్పను, అందరికీ ఒకే కొలతను, కయాక్ అని అమ్ముతున్నారు. మనిషిని పైన కూర్చోబెట్టే డొప్పలో మసిక్ ఎక్కడ? తొడ ఆనించే చోటెక్కడ? తిరగబడితే ఊడి పడడమే. కొత్తవాళ్లకు వెడల్పాటి పడవే క్షేమం, ఒప్పుకుంటాను. కానీ దానికి ఆ పేరు పెట్టి, పొట్టమీద ఒక ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ వేసి, అసలు విద్యను ఒక్క మాటగానైనా చెప్పకపోవడం దొంగతనం. మంచి ఫైబర్ కయాక్‌లకూ అప్పు ఉంది. 1959లో కెన్ టేలర్ అనే స్కాట్లాండ్ విద్యార్థి గ్రీన్‌లాండ్‌లోని ఇల్లోర్సుయిత్ అనే ఊళ్లో కట్టించుకుని తెచ్చిన కయాక్ కొలతల నుంచే బ్రిటన్ సముద్ర కయాక్‌ల వంశం ఒకటి మొదలైంది. ఆ పడవలు నేడు లోకమంతా తిరుగుతున్నాయి. ఇల్లోర్సుయిత్ మాత్రం ఖాళీ. 2017 జూన్ 17న కొండ విరిగిపడి లేచిన సునామీ పొరుగు ఊరు నూగాట్సియాక్‌లో నలుగురిని బలిగొంది. కొండ మళ్లీ కూలుతుందన్న భయంతో రెండు ఊళ్లనూ ఖాళీ చేయించారు. ఆ ప్రజలు తిరిగి అక్కడికి కాపురానికి వెళ్లలేదు.

2024 నవంబరులో నూక్‌లో పెద్ద విమానాలు దిగే రన్‌వే తెరిచారు. 2025 జూన్‌లో న్యూజెర్సీ నూవార్క్ నుంచి వేసవికాలపు విమానం నేరుగా మొదలైంది. ఆ రాష్ట్రంలోనే ఎడిసన్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో. నేరుగా వెళితే సుమారు నాలుగు గంటల ప్రయాణం. వెళ్లేవాళ్లకు నా మనవి ఇది. మంచుకొండలు చూడండి, వాటికి దూరంగా ఉండండి, అవి ఉన్నట్టుండి దొర్లుతాయి. నూక్‌లోని జాతీయ సంగ్రహాలయంలో పాత కయాక్‌ల కుట్టును దగ్గరగా చూడండి. ఊరి కయాక్ క్లబ్ ఎక్కడో కనుక్కుని, తుయిలిక్ తొడిగినవాళ్లను రోల్ చూపించమని అడగండి. నేర్పితే డబ్బు వాళ్లకే ఇవ్వండి. పిల్లలను వెంట తీసుకెళ్లండి. తిరిగొచ్చాక ఎవరైనా దాన్ని పవ్లాతా రోల్ అంటే, అది గ్రీన్‌లాండ్ వేటగాళ్లదని చెప్పండి.