పెద్దమ్మ కాలు పెట్టని నడుములు

సోమవారం పొద్దున 20 లీటర్ల నీళ్ళ క్యాను ఎత్తబోతే నడుం పట్టేసింది. వంగినవాణ్ణి వంగినట్టే గోడ పట్టుకుని నిలబడిపోయాను. రెండు రోజులు మంచమే. మూడో రోజు పేపరు మధ్యలోంచి ఒక కరపత్రం జారిపడింది. మా బొల్లారంలోనే, రిసాలా బజార్ వైపు, కైరోప్రాక్టిక్ పద్ధతిలో నడుం నొప్పికి ‘మూలకారణం కనిపెట్టి’ వైద్యం చేస్తారట. ఆ మాట చదివితే అంత నొప్పిలోనూ సంతోషమేసింది.

ఏదైనా మూలం నుంచే సరిచేయాలన్నది నా పాత పట్టుదల. కుళాయి కారుతుంటే కింద బకెట్లు మార్చడం మాని వాషర్ చూడమంటాను. ఒంటికీ అదే న్యాయమని నా నమ్మకం. రెండేళ్ళ కిందటి ఎంఆర్ఐ కవరు చంకన పెట్టుకుని, నడుం బెల్టు బిగించుకుని వెళ్ళాను.

అక్కడ వైద్యం చేసే ఆయన ఫిజియోథెరపీ చదివి, ఆపైన ఈ విద్య నేర్చుకున్న మనిషి. ఆ సంగతి ముందే అడిగాను. మన దేశంలో కైరోప్రాక్టర్లకు చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు, బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఏం చదివారని అడగడానికి మొహమాటపడకండి.

అరగంట సేపు ప్రశ్నలే. నొప్పి మోకాలి కిందికి దిగుతోందా? పాదంలో బలం తగ్గిందా? కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా? మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పోవడం ఉందా? సాయంత్రాలు జ్వరం వస్తోందా? బరువు తగ్గారా? ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా? టీబీ వెన్నుపూసల్ని తినేస్తుంది. అలాంటి వెన్ను మీద చెయ్యి బలంగా పడితే కాళ్ళు పడిపోవచ్చు. మోకాళ్ళ మీద, మడమల దగ్గర చిన్న సుత్తితో తట్టారు. పడుకోబెట్టి ఒక్కో కాలూ ఎత్తి చూశారు. చివరికి అన్నారు: “భయపడాల్సిందేమీ లేదండీ. కానీ ఇదీ కారణమని వేలు పెట్టి చూపించలేను. ఇవాళ నొక్కను కూడా. నెమ్మదిగా నడవండి. తగ్గకపోతే రండి.”

ఎంఆర్ఐలో డిస్కు ఉబ్బిందని రాసి ఉంది కదా అన్నాను. నొప్పి లేనివాళ్ళకూ అలా ఉంటుందన్నారు. ఇంటికొచ్చి చదివితే నిజమే. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్లను 2015లో ఒకచోట చేర్చి చూస్తే, 20 ఏళ్ళ వయసులోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. 80 ఏళ్ళకు 96 శాతం. తల నెరవడం లాంటిదే ఇదీనూ. అయినా ఆ రోజు నాకు కోపమే వచ్చింది. కరపత్రంలో వేసిన మాట ఏమైనట్టు?

ఆ కోపంతో పడుకుంటే మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఆమె ఊరు. ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి. అలా పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మన ఊళ్ళల్లో నమ్మకం. తెల్లారేసరికి వాకిట్లో ఒకరో ఇద్దరో ఉండేవాళ్ళు. “ఎప్పుడు పట్టింది? ఏం ఎత్తినవ్?” అని అడిగేది. బోర్లా పడుకోమని, గోడ పట్టుకుని, ఎడమ కాలు నడుం మీద ఆనించి మూడుసార్లు మెత్తగా అదిమేది. పైసా తీసుకునేది కాదు. వచ్చినవాళ్ళలో చాలామంది నాలుగు రోజుల్లో నాగలి పట్టేవాళ్ళు. పట్టేసిన నడుం చాలామందికి కొద్దిరోజుల్లో దానంతటదే సర్దుకుంటుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఇంకో రకం మనుషులు కూడా వచ్చేవాళ్ళు. నలభై నిండకముందే నడుం వంగిపోయినవాళ్ళు. పిలిస్తే మెడ తిరగదు, మనిషంతా తిరగాలి. పెద్దమ్మ వాళ్ళ వెన్ను మీద పై నుంచి కిందికి ఒకసారి చెయ్యి వేసేది. ఎత్తిన కాలు దించేసేది. “ఇది నా కాలుతోటి పోయేది కాదు బిడ్డా, పట్నం తీస్కపోండ్రి” అనేది.

అది బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్. ఎముకల్లో పేరుకుని, వెన్నుపూసల మధ్య బంధనాల్ని గట్టిపరిచి, వెన్నును ఒకే కట్టెగా మార్చేస్తుంది. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. పటిక, సున్నంతో ఆ నీళ్ళను శుద్ధిచేసే పద్ధతికి నల్లగొండ పేరే ఉంది. అంటే కారణం తెలుసు, విరుగుడూ తెలుసు. అయినా మంచి నీళ్ళు ఆ ఊళ్ళకు చేరేసరికి తరాలు వంగిపోయాయి. వంగిన నడుములు మళ్ళీ నిటారు కాలేదు. పెద్దమ్మకు ఫ్లోరైడ్ అన్న మాటే తెలియదు. ఎక్కడ కాలు పెట్టకూడదో తెలుసు.

ఈ కైరోప్రాక్టిక్ పుట్టుకలో లోపించింది ఆ వివేకమే. 1895లో అమెరికాలోని డేవెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన, చెవుడున్న హార్వే లిలర్డ్ వెన్నుపూసను సర్ది వినికిడి తెప్పించానన్నాడు. చెవి నరం వెన్నెముకలోంచి పోదు. అయినా జబ్బుల్లో నూటికి 95 పూసలు పక్కకు జరగడం వల్లేనని సిద్ధాంతం చేశాడు. ఇప్పుడు ఫోన్లలో చూపించే ఆ ‘టక్’ చప్పుడు పూస సర్దుకున్న చప్పుడు కాదు, కీలులోని ద్రవంలో వాయువు బుడగ కట్టే చప్పుడు. మెడను ఒక్క ఊపున తిప్పితే రక్తనాళం చిరిగి పక్షవాతం రావచ్చు కూడా. క్షౌరం చేయించుకునేటప్పుడు మెడ విరిపించుకునేవాళ్ళకూ ఇదే చెబుతున్నాను, మానేయండి.

అలాగని చెయ్యి వేసే వైద్యాన్ని కొట్టిపారేయలేను. దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామంతోపాటు వెన్నును చేత్తో సర్దే చికిత్సకూ చోటుంది. బెల్టులు వద్దంది. నా బెల్టు బీరువాలో పెట్టేశాను.

శుక్రవారం సాయంత్రం బొల్లారం స్టేషన్ దాకా నడిచి, మేడ్చల్ ఎంఎంటీఎస్ వెళ్ళేదాకా నిలబడి, తిరిగొచ్చాను. కరపత్రం వెనకవైపు ఖాళీగా ఉంది. ఆయన అడిగిన ప్రశ్నలన్నీ దానిమీద రాసి, రెండు నెలలుగా నడుం నొప్పితో బండి నడుపుతున్న ఎదురింటి ఆటో డ్రైవరుకు ఇచ్చాను. నిలబడే చదివాడు. సాయంత్రాలు జ్వరం అన్నచోట వేలు ఆపి, “ఇది ఉంది సార్” అన్నాడు.

సోమవారం పొద్దున్నే ఇద్దరం గాంధీ ఆసుపత్రికి వెళ్తున్నాం.