మల్లీశ్వరి: పల్లకీ ఎవరడిగారు?

"మల్లీశ్వరి" గురించి పెద్దలు చాలామంది రాశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి మాటలూ పాటలూ, సాలూరి రాజేశ్వరరావు గారి బాణీలూ, భానుమతి గారి గొంతూ, వీటి గురించి కొత్తగా చెప్పడానికి నాబోటివాడి దగ్గర ఏమీ లేదు. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు, సాహిత్యం చదువుకున్నవాణ్ణీ కాదు. 1951 డిసెంబరులో విడుదలైన ఈ సినిమాని చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూశాను, ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చూసిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న మిగిలిపోతుంది. ఇంతమంది ఇన్ని అగచాట్లు పడ్డ ఈ కథలో దుర్మార్గుడు ఎవరు?

కథ మీకు తెలిసిందే. వీరాపురంలో బావామరదళ్ళు నాగరాజు, మల్లీశ్వరి. ఒక వానలో తలదాచుకున్న చోట మల్లి పాడుతూ ఆడుతుంది. మారువేషాల్లో ఉన్న కృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన అది చూస్తారు. వాళ్ళెవరో తెలియని నాగరాజు, రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకీ పంపించండని వేళాకోళం ఆడతాడు. ఆ తర్వాత మేనత్త నాగమ్మ ఆస్తి చూసి గాని పిల్లనివ్వదని డబ్బు సంపాదించడానికి ఊరు విడిచి వెళతాడు. అతను లేనప్పుడు నిజంగానే పల్లకీ వస్తుంది. రాణివాసంలో అడుగు పెట్టిన స్త్రీ మళ్ళీ పరాయి మగవాణ్ణి కలవకూడదు. కలిస్తే మరణశిక్ష.

మా వృత్తిలో ఎక్కడైనా ప్రోగ్రాము చెడితే, తప్పు ఎక్కడ మొదలైందో ఒక్కొక్క మెట్టే వెనక్కి తవ్వుకుంటూ పోవడం అలవాటు. ఈ కథనీ అలాగే తవ్వి చూశాను. ప్రేమికులను పట్టుకున్న భటులు కట్టుబాటు ప్రకారమే నడిచారు. రాయలు ఇచ్చిన మాట నిలుపుకున్నాడు. నాగమ్మకి ఆశ ఎక్కువే, కాని కూతురు సుఖపడాలనే ఆశ అది. ఋష్యేంద్రమణి ఆ పాత్రని రాక్షసిగా చెయ్యలేదు. నాగరాజు అన్నది సరదామాట. అందరూ తమకు తోచిన మంచే చేశారు. ఎవరూ చెయ్యని పని ఒక్కటే: మల్లీ, నువ్వు వెళతావా అని అడగడం.

దర్శకుడు బి.ఎన్.రెడ్డి ఈ కథకి తీసుకున్న ఆధారాల్లో ఒకటి బుచ్చిబాబు రాసిన "రాయలవారి కరుణాకృత్యం". ఆ పేరులో రాయలున్నాడు, ఆయన కరుణ ఉంది. సినిమాకి వచ్చేసరికి పేరు "మల్లీశ్వరి" అయింది. నా ఉద్దేశంలో ఇది చిన్న మార్పు కాదు. కరుణ చూపించినవాడి వైపు నుంచి కాక, ఆ కరుణ ఎవరి నెత్తిన పడిందో ఆవిడ వైపు నుంచి కథ చూడమంటోంది ఈ పేరు.

అందుకు తగ్గట్టే ఉంటుంది భానుమతి గారి నటన. వీరాపురంలో గలగలలాడే పిల్ల, అంతఃపురంలోకి వచ్చాక మాట తగ్గించేస్తుంది. కళాదర్శకుడు ఎ.కె.శేఖర్ వేసిన స్తంభాలూ మండపాలూ నలుపు తెలుపుల్లో ఎంత అందంగా ఉంటాయో, వాటి మధ్య ఆవిడ అంత ఒంటరిగా కనిపిస్తుంది. ఎన్.టి.రామారావు గారికి అదే ఏడాది "పాతాళభైరవి"తో పెద్ద పేరొచ్చింది. అక్కడ రాకుమారి కోసం మాంత్రికుణ్ణే ఎదిరించిన తోటరాముడు, ఇక్కడ ఉలి తప్ప ఆయుధం లేని పల్లెటూరి శిల్పి.

ఇక మబ్బుతో కబురు పంపే పాట. నాగరాజు దూరాన, మల్లి ఊళ్ళో, ఇద్దరికీ ఒకటే మబ్బు. కాళిదాసు యక్షుడికి రాజశాపం వల్ల ఎడబాటు వచ్చింది. నాగరాజుకి సంపాదన కోసం వచ్చింది. ఆ లెక్కన ఈ పత్రిక చదివే మనలో చాలామంది నాగరాజులమే. నేనూ రెండేళ్ళలో వచ్చేస్తానని ఇంట్లో చెప్పే బయలుదేరాను. ఫ్రిస్కో మీద మబ్బులు మెక్సికో గల్ఫ్ నుంచి వచ్చి ఉత్తరానికి పోతుంటాయి. కబురు అందించడానికి మన ఊరి వైపు వెళ్ళే మబ్బు నాకింతవరకూ కనపడలేదు.

ముగింపు బలహీనమని కొందరంటారు. చావు అంచుదాకా తీసుకొచ్చి, రాజుగారి చేత క్షమింపజేసి, జంటని ఇంటికి పంపడం మరీ సులువైపోయిందని. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. ఆ సభలో రాయలు చేసింది క్షమించడం కన్నా ముందు, వినడం. పల్లకీ పంపే ముందు వినవలసిన సంగతి అప్పటికి ఆయన చెవిన పడింది. అయితే ఆ కట్టుబాటు మాత్రం అలాగే ఉంది. మల్లి ఇంటికి వెళ్ళింది గాని ఆమె చెలికత్తె జలజ అంతఃపురంలోనే ఉండిపోయింది. చివర్లో నాకు సంతోషంతో పాటు కాస్త దిగులు కూడా వేసేది అందుకే.

ఈ చలికాలం మా అమ్మతో కూర్చుని మళ్ళీ చూశాను. అమ్మని మేమే రప్పించాం. టిక్కెట్టు, ఇన్సూరెన్సు, విమానాశ్రయాల్లో చక్రాల కుర్చీ, కింది అంతస్తులో వేరే గది, అన్నీ నేనే దగ్గరుండి చూశాను. చిన్నప్పుడు ఈ సినిమా చూసి నాగమ్మని తిట్టిపోసిన మనిషి ఈసారి ఆమెనేమీ అనలేదు. మల్లి అంతఃపురంలో ఒంటరిగా ఉన్న చోట మాత్రం, "పాపం, ఆ పిల్లకి అన్నీ ఉన్నాయి గాని ఏమీ తోచడం లేదురా" అంది.

అమ్మ సినిమా గురించే అంది. కానీ మేం ఆఫీసులకి వెళ్ళాక కారు నడపడం రాని మనిషి పగలంతా ఏం చేస్తోందో నేనెప్పుడూ అడగలేదు. అసలు రావాలనుందా అని కూడా అడగలేదు. ఆరు నెలలుండేటట్టు తిరుగు టిక్కెట్టు తీసేశాను, అంతే.

మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర, టిక్కెట్టు ముందుకు మార్పించమంటావా అమ్మా అని అడిగాను. ఆలోచించి చెప్తానంది.