డేగకు ముహూర్తం, అండలూసియన్‌కు లెక్క

గోదావరి జిల్లాల్లో పుంజును చూపించి రంగేమిటని అడిగితే ఎరుపనో నలుపనో చెప్పరు. డేగ అంటారు, కాకి అంటారు. తెల్లదైతే సేతువ. మెడ మీద నలుపూ తెలుపూ సరిసమానంగా ఉంటే పర్ల, ఎరుపులో బూడిద కలిస్తే మైల, ఈకఈకకూ నలుపు, తెలుపు, ఎరుపు మూడూ ఉంటే పూల. ఈ పేర్లకు పందెగాళ్లు కుక్కుట శాస్త్రాన్నే ఆధారంగా చూపుతారు. దాని పక్కన 1865లో ఇంగ్లండులో అచ్చయిన ప్రదర్శన కోళ్ల ప్రమాణ గ్రంథాన్ని పెట్టి చూస్తే, ఈకల రంగుకు రెండు చోట్లా ఎంత వేరు పని అప్పగించారో తెలుస్తుంది.

కుక్కుట శాస్త్రం రంగును చదువుతుంది. ఏ వారం, ఏ తిథి, ఏ జామున ఏ రంగుది పైచేయి, ఏ దిక్కు నుంచి పుంజును బరిలోకి వదలాలి అన్నదే దాని ధ్యాస. ఆ రంగు పిల్లను ఎలా తీయాలన్నది దానికి పెద్దగా పట్టదు. పుంజు ఓడిపోతే జాము తప్పిందంటారు, నక్షత్రం కుదరలేదంటారు. శాస్త్రం మాత్రం ఎప్పుడూ ఓడదు. నాకు దానితో పేచీ అక్కడే.

ఇంగ్లండు కథా బరిలోనే మొదలైంది. 1835లో చట్టం పందేలను ఆపింది. పదేళ్లకు, 1845లో, లండన్ జంతుప్రదర్శనశాలలో కోళ్ల ప్రదర్శన పెట్టారు. ‘నల్లరొమ్ము ఎరుపు’, ‘బాతురెక్క’ వంటి పందెంకోళ్ల రంగుల పేర్లు ప్రదర్శన బల్ల మీదికీ నడిచొచ్చాయి. ముహూర్తం పోయి మార్కులు వచ్చాయి. ఆ మార్కుల కోసం కాళ్లు సాగదీసి పెంచిన ‘మోడరన్ గేమ్’ జాతి బరికి పనికిరాని పందెంకోడి.

మార్కుల పిచ్చి ఎంతదాకా పోయిందో చారల ప్లిమత్ రాక్ చెబుతుంది. చారలనిచ్చే జన్యువు పుంజుకు రెండు పాళ్లు, పెట్టకు ఒక్క పాలే అందుతుంది. అందుకే పుంజు కాస్త తెల్లగా తేలుతుంది. న్యాయనిర్ణేతలకేమో రెండూ ఒకే ఛాయలో కావాలి. దాంతో పెంపకందార్లు మంచి పుంజుల కోసం ఒక వంశం, మంచి పెట్టల కోసం మరో వంశం విడివిడిగా సాకారు. ఒక్క జాతికి రెండు మందలన్నమాట!

నీలి అండలూసియన్ అనే కోళ్ల జాతి దగ్గర మాత్రం ఆ పట్టుదలా చిత్తయింది. నీలి పుంజును నీలి పెట్టతో ఎన్ని తరాలు జత కట్టినా పిల్లల్లో ఇంచుమించు సగమే నీలివి. పావు వంతు నల్లవి, మిగతా పావు తెలుపు మీద నీలిమరకలవి. ఈ చిక్కును ఇరవయ్యో శతాబ్ది మొదట్లో కేంబ్రిడ్జిలో జన్యుశాస్త్రవేత్తలు బేట్సన్, పన్నెట్ విప్పారు. నీలి అసలు స్థిరపడే రంగే కాదు, నలుపు పాలూ మరకల పాలూ కలిసిన సంకరం. ఏరి పారేస్తున్న ఆ రెండు రకాలనే జత కడితే పిల్లలన్నీ నీలివే. ఈ పాళ్లకు మూలమైన బఠానీల లెక్కను మెండెల్ చదివి వినిపించిందీ 1865లోనే. ప్రమాణ గ్రంథం రాసినవారికి ఆ సంగతి చేరలేదు. వాళ్లూ చీకట్లోనే రంగులు కట్టారు. అయితే వాళ్ల తప్పును పొదుగు నుంచి లేచిన పిల్లలే బయటపెట్టాయి. ముహూర్తానికి అలాంటి పరీక్ష లేదు.

చూపు మాట వేరు. అక్కడ నా ఓటు మన శాస్త్రానికే. ప్రమాణ గ్రంథం లోపమని కొట్టేసే కలగాపులగపు ఈకలకు అది పూల అనో కౌజు అనో పేరిచ్చి, బరిలో ఒక రోజూ ఇచ్చింది. అదీ అన్నిటినీ పట్టలేదనుకోండి. సేతువ అంటే దానికి ఒకటే తెలుపు. జన్యుశాస్త్రానికి ఒకటి కాదు. వైట్ లెగ్‌హార్న్ తెలుపు మిగతా రంగులను అణిచేస్తుంది, మరికొన్ని జాతుల తెలుపు తానే అణిగి ఉంటుంది. ఈ రెండోరకం తెలుపు కోడి ఏ రంగును దాచుకుందో ఈకలు చూసి చెప్పలేం.

ఇప్పుడు ఆంధ్రలో, తమిళనాట చిలకముక్కు, పొడవు తోక పుంజులకు కత్తి కట్టని అందాల పోటీలు పెడుతున్నారు. ఇంగ్లండు నడిచిన దారే ఇది. రేపు ఎవరైనా ఈ పుంజుల రంగులకు ప్రమాణాలు రాయబూనితే పర్లకూ మైలకూ పూలకూ వేరువేరు వరుసలు ఉంచాలి. ఏ జతకు ఏ రంగు పిల్లలు లేచాయో పుస్తకంలో రాసుకోమని పెంపకందార్లకు మొదటి ఏడాదే చెప్పాలి.